సమాధానం: కొనేటాయన గ్రీన్ ఫారం పంపిండు, ఐఎస్ఓకు పైసలు పెట్టాల్నా?

అన్నా, బియ్యం కొనేటాయన మిల్లు పర్యావరణం లెక్కలు అడుగుతు గ్రీన్ ఫారం పంపిండని, మీ మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లుకు ఐఎస్ఓ 14001 (పర్యావరణాన్ని పద్ధతిగ సూసుకుంటున్నరని ఇచ్చే సర్టిఫికెట్) కోసం కన్సల్టెంట్‌కు పైసలు కట్టాల్నా అని అడిగిన్రు కదా, ఇప్పుడే కట్టకుండ్రి. ఆ సర్టిఫికెట్ తప్పనిసరా, లేకపోతే ఊక, నీళ్లు, కరెంటు లెక్క ఇస్తే చాలా అని ముందు కొనేటాయన్నే అడగుండ్రి.

అసలు పైసలు మిగిలేది బాయిలర్ కాడ. డ్రయ్యర్‌ల ఆవిరి చల్లబడి వచ్చే వేడినీళ్లు మోరీలకు పోతున్నయా సూడుండ్రి, పోతుంటే పైపేసి ఫీడ్ ట్యాంకుకు (బాయిలర్‌కు నీళ్లు పోయే ట్యాంకు) మలపుండ్రి, బాయిలర్‌కు పోయే నీళ్లు 6 డిగ్రీలు ఎక్కువ వేడిగ ఉంటే ఇంధనం సుమారు 1 శాతం తగ్గుతది. వడ్లల్ల ఐదో వంతు దాకా ఊకే ఉంటది కాబట్టి ఫ్రీ అనిపిస్తది గానీ, మిగిలిన ఊకకు గిరాకీ ఉన్నది, అంటే ఉత్తగ కాల్చిన ప్రతి కిలో అమ్ముకునే ఛాన్సు పోయిన కిలోనే. ఆవిరి పైపుకు తొడుగు చినిగి ఉంటే మొదలు అదే చేపియ్యిండ్రి, తక్కువ ఖర్చు.

బూడిద ఆరుబయట పొయ్యకుండ్రి, గాలికి పక్క పొలాలల్ల పడి పంచాయితీ అయితది.

గ్రీన్ అనంగనే ఆయన బియ్యం రేటు పెంచుతడని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఆర్డర్ చేజారకుండ ఉంటది గంతే. రోజుకు ఎన్ని క్వింటాళ్ల వడ్లకు ఎంత ఊక కాలింది, కరెంటు ఎన్ని యూనిట్లు తిరిగినయో ఒక నెల రాసి పెట్టుండ్రి, ఆ ఫారం సగం దాంతోనే నిండుతది. బాయిలర్ ఎన్ని టన్నులదో చెప్పలే మీరు, చెప్తే పైపు సైజు సంగతి సూద్దాం.