చవకగా దొరికే ఫ్లాట్-ప్యాక్ (విడి పలకలుగా కొని ఇంట్లో బిగించుకునే) బుక్ షెల్ఫ్ రోజూ వాడితే ఎన్నాళ్లు ఆగుతుంది?

కదపకుండా, తడి తగలకుండా ఉంచితే ఏళ్ల తరబడి ఆగుతుంది. ముందు దెబ్బతినేది చట్రం కాదు, అర. ఇవి ఎక్కువగా పార్టికల్ బోర్డువే, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు. పుస్తకాల బరువు పెరగకపోయినా, నెలలు గడిచేకొద్దీ పలక మధ్యలో కిందికి జారుతూనే ఉంటుంది. ఇబ్బందంతా పొడవుతోనే: అదే మందం పలక 60 సెం.మీ. బదులు 80 సెం.మీ. ఉంటే, నిండా పుస్తకాలు పేర్చినప్పుడు వంపు మూడు రెట్లు దాటుతుంది. నేనైతే వంగిన అరను తిరగేసి పెడతాను, కొన్నాళ్లు సర్దుకుంటుంది.

వెనకాల మేకులతో కొట్టే పల్చటి షీటు ఉత్త అలంకారం అనుకోకండి. షెల్ఫ్ పక్కకి ఊగకుండా పట్టి ఉంచేది అదే. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగిస్తే మాత్రం స్క్రూ రంధ్రాల్లోంచి పొట్టు రాలి పట్టు పోతుంది. నీళ్లోడే గుడ్డతో తుడిస్తే అంచులు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు మళ్లీ తగ్గదు.