బెజవాడ ఫ్లాట్లో మొక్కలు పెట్టుకుంటానన్న మా అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు రాత్రి పంపిన ఫొటోలు అన్నీ చూసానే, సోఫా పక్కన నిలువెత్తు అరెకా పామ్, టీవీకి అటొకటి ఇటొకటి, గోడ మీదకి పాకించిన మనీ ప్లాంట్, ఆఖరికి బాత్రూం గూట్లో కూడా ఓ కుండీ, ఎవరిల్లో గానీ ఎంత బావుందో. మా ఇల్లు కూడా ఇలా చేసుకోవాలి పెద్దమ్మా, లిస్టు రాసి పంపు, ఆదివారం ఇద్దరం వెళ్ళి అన్నీ తెచ్చేసుకుంటాం అన్నావు కదా. లిస్టు రాస్తాను. కానీ అన్నీ ఒకేసారి వద్దు, ఈ ఆదివారం అసలే వద్దు. గుంటూరు బ్రాడీపేట ఇంట్లో ఇన్నేళ్ళుగా మొక్కలు పెంచుతున్నాను, నా చేతుల్లో పోయినవాటిలో చాలా మటుకు ముందు మొక్క కొనేసి తర్వాత దానికి చోటు వెతకడం వల్లే పోయాయి. నువ్వు ముందు చోటు చూసుకో, ఆ చోట్లో ఏది బతుకుతుందో అది తెచ్చుకో.

చోటు అంటే వెలుతురే. ఒక వారం పాటు పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం నాలుగున్నరకి, నువ్వు మొక్క పెడదామనుకున్న ప్రతి చోటా ఓ తెల్ల కాయితం పెట్టి దానికి అడుగు ఎత్తులో అరచెయ్యి పట్టుకుని చూడు, లైట్లు ఆపేసి చూడాలి సుమా. నీడలో వేళ్ళు విడివిడిగా కనపడితే అక్కడ ఇండోర్ మొక్కలు చాలావరకు బాగానే ఉంటాయి. చెయ్యి ఆకారం మసగ్గా తెలుస్తుంటే స్నేక్ ప్లాంట్, జీజీ (ZZ ప్లాంట్), మనీ ప్లాంట్, అగ్లోనిమా, ఇవి నెట్టుకొస్తాయి. అసలు నీడే పడకపోతే అక్కడ మొక్క వద్దు, మంచి లాంప్ పెట్టుకో, లేదంటే ఓ కొండపల్లి బొమ్మల సెట్ పెట్టుకో. మన కంటికి గదంతా ఒకేలా వెలుగ్గా ఉన్నట్టు ఉంటుంది గానీ, కిటికీ దగ్గరున్న వెలుతురు నాలుగడుగులు లోపలికి వచ్చేసరికి సగం కూడా మిగలదమ్మా, ఆ సంగతి మొక్కకి తెలుస్తుంది, మనకి తెలీదు.

ఇంకోటి, ఇన్నేళ్ళు పిల్లలకి సోషల్ చెప్పినదాన్ని కాబట్టి చెప్తున్నా. మన ఊళ్ళు 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి, అంచేత మే మొదటి వారంలో ఒకసారి, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు, ఆ మధ్య రోజుల్లో కొంచెం ఉత్తరం వైపునే ఉంటాడు. అంటే మీ దక్షిణం కిటికీలోంచి మండు వేసవిలో ఎండ లోపలికి రాదు, అదే కిటికీలోంచి డిసెంబర్లో హాలు మధ్యదాకా పరుచుకుంటుంది. అందుకే జూన్లో పచ్చగా ఉన్న అగ్లోనిమా సంక్రాంతికి ఆకులు మాడ్చుకుంటే తెగులు అనుకుని మందులు కొట్టకు, రెండడుగులు వెనక్కి జరిపితే చాలు. దీపావళికి ఒకసారి, శివరాత్రి వెళ్ళాక ఒకసారి మొక్కల చోట్లు మార్చుకోవాలని గుర్తు పెట్టుకో.

పాలు పొంగించిన రోజు నేను ఇల్లంతా తిరిగి చూసాను కదా. తూర్పు బాల్కనీ మీకు వరం, పొద్దుటి ఎండ వస్తుంది, దాని తలుపు పక్కన లోపలి వైపు అరెకా పామ్ పెట్టుకోవచ్చు. పడమటి బెడ్రూంతోనే జాగ్రత్త, బెజవాడంటే 45 డిగ్రీలు దాటిన రోజులు చూసిన ఊరు, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండకి అద్దం వెనకాల ఉన్న ఆకు ఉడికినట్టయిపోతుంది. అక్కడ పల్చటి కర్టెన్ వేసి స్నేక్ ప్లాంట్ ఒక్కటే పెట్టు, అది ఆఫ్రికా ఎండల్లోంచి వచ్చింది, ఓర్చుకుంటుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట మాత్రం ఏదీ పెట్టకు.

తులసిని హాల్లో పెట్టుకుంటానన్నావు, వద్దమ్మా, దానికి నేరుగా ఎండ కావాలి, బాల్కనీలోనే ఉండనీ.

ఇక నీళ్ళు. దీనిమీద ఎక్కువ రాస్తున్నానని విసుక్కోకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్లో మీ చిన్నమ్మ వాళ్ళ కింది పోర్షన్లోకి నీళ్ళొచ్చాయి గుర్తుందిగా, నీళ్ళు తీసాక నేను కూడా వెళ్ళి బురద ఎత్తాను. ఆవిడ ఎంతో ఇష్టంగా పెంచుకున్న కుండీలన్నీ రోజుల తరబడి మునిగే ఉన్నాయి. స్నేక్ ప్లాంట్లు పైకి పచ్చగా ఉన్నాయి కదా బతికాయనుకున్నాం, ఆకు పట్టుకుంటే మెత్తగా చేతిలోకి ఊడొచ్చింది, జీజీ దుంపలు కుళ్ళి వాసన. మనీ ప్లాంట్ ఒక్కటే, ఆకులన్నీ పోయినా తీగ గట్టిగా ఉంటే ముక్కలు కోసి సీసాలో వేసాను, మూడు వారాల్లో వేళ్ళు తీసింది. ఆ తీగే ఇప్పుడు మా వరండా అంతా అల్లుకుంది. చెప్పొచ్చేదేంటంటే వేళ్ళకి కూడా గాలి కావాలే, మట్టిలో సందులన్నీ నీళ్ళతో నిండిపోతే వాటికి ఊపిరాడదు, కుళ్ళిపోతాయి. రోజూ పొద్దున్నే ప్రేమగా ఓ గ్లాసు పోసినా వాటికి వరదొచ్చినట్టే.

కాబట్టి సోమవారం, గురువారం అని రోజులు పెట్టుకోవద్దు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడు, తడి తగిలితే వదిలేయ్, పొడిగా ఉంటే కింద చిల్లులోంచి కారేదాకా పోసెయ్. స్నేక్ ప్లాంట్, జీజీకి అయితే మట్టి అడుగుదాకా ఎండనీ, జీజీ వేళ్ళ దగ్గర బంగాళాదుంపల్లాంటి దుంపలుంటాయి, నీళ్ళు వాటిల్లోనే దాచుకుంటుంది. పీస్ లిల్లీకి దాహమైతే ఆకులన్నీ వాల్చేస్తుంది, నీళ్ళు పోసిన కాసేపటికి మళ్ళీ లేచి నిలబడుతుంది, నేర్చుకునేవాళ్ళకి అంతకంటే మంచి మొక్క లేదు. ప్లేట్లో నిలిచిన నీళ్ళు మాత్రం పారబొయ్యి, డెంగ్యూ దోమ గుడ్డులోంచి పెద్దదవడానికి వారం పది రోజులు చాలు, బుడ్డోడున్న ఇల్లు.

ఏ నీళ్ళు అనేది కూడా చూసుకోవాలి. మా గుంటూరు బోరు నీళ్ళ సంగతి నీకు తెలిసిందే, మట్టి మీద తెల్లగా పేరుకుంటుంది, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు కాలినట్టవుతాయి. మీకు కార్పొరేషన్ కృష్ణా నీళ్ళు వస్తాయి కాబట్టి అవే వాడు. ఫిల్టర్లోంచి బయటికి పోయే వేస్టు నీళ్ళు పారెయ్యలేక మొక్కలకి పోస్తుంటారు కొందరు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది, అవి ఇల్లు తుడవడానికి వాడు. ఏసీ పైపులోంచి బకెట్లోకి పట్టుకున్న నీళ్ళల్లో ఉప్పు ఉండదు, అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. బియ్యం కడుగు నీళ్ళు పెరట్లో చెట్లకి మంచిదే గానీ ఇంట్లో కుండీకి వద్దు, వాసనొస్తుంది, చిన్న చిన్న నల్ల ఈగలు చేరతాయి.

మట్టి గురించి ఒక్క మాట. ఊరి నుంచి మావయ్య చేలో నల్లరేగడి మట్టి తెప్పిస్తానన్నావు, అది పత్తికీ మిరపకీ బంగారం, కుండీలో మాత్రం తడిస్తే బంక, ఎండితే బీటలు. ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు ఒక వంతు, వర్మీకంపోస్ట్ ఒక వంతు, గుప్పెడు గరుకు ఇసుక కలుపుకుంటే చాలు.

ఎక్కడ కొనాలంటే, మీ ఊరి నర్సరీల్లో దొరికే మొక్కలు చాలావరకు కడియం నుంచి వచ్చేవే, అంత మాత్రానికి నూట యాభై కిలోమీటర్లు పోయి తెచ్చుకోవక్కర్లేదు, ఎప్పుడైనా రాజమండ్రి పెళ్ళికి వెళ్తే మాత్రం ఆగి చూసి రండి, గోదావరి కాలవల పక్కన ఎకరాలకెకరాలు మొక్కలే, నీకు రావాలనిపించదు. అక్కడ గ్రీన్ నెట్ కింద చల్లగా పెరిగిన మొక్క మీ హాల్లోకి వచ్చేసరికి నాలుగాకులు పండి రాలుస్తుంది, కంగారు పడి వచ్చిన రోజే కుండీ మార్చకు. రెండు మూడు వారాలు కవర్లోనే ఉంచి అలవాటు పడనీ. కొనేటప్పుడు ఆకు వెనక్కి తిప్పి, కాడ మొదట్లో చూడు, దూదిలాంటి తెల్ల పిండి కనపడితే అది పిండినల్లి, ఆ మొక్క ఎంత బావున్నా వద్దు, ఒక్కటొస్తే ఇంట్లో అన్నిటికీ అంటుకుంటుంది. తర్వాతెప్పుడైనా వస్తే లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టు.

స్నేక్ ప్లాంట్ బెడ్రూంలో పెడితే గాలంతా శుభ్రమైపోతుందంట కదా అని అల్లుడుగారు అడిగారు. నాసా వాళ్ళు 1989లో చేసిన ప్రయోగం పట్టుకుని అందరూ అదే చెప్తారు, కానీ అది గాలి చొరబడకుండా మూసేసిన చిన్న పెట్టెల్లో చేసింది. 2019లో ఆ లెక్కలన్నీ మళ్ళీ చూసినవాళ్ళు, మనం కిటికీ తెరిస్తే వచ్చేంత మార్పు రావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు, ఒక్కోసారి వెయ్యి కావాలని తేల్చారు. కళ్ళకి హాయిగా ఉంటుంది, పొద్దున్నే కొత్త ఆకు విప్పుకుంటుంటే మనసు బావుంటుంది, నాకు ఆ కారణం చాలు. గాలికి కిటికీలు తీసుకోండి.

బుడ్డోడు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి డిఫెన్‌బేకియా అసలు తేవద్దు, దాని ఆకులో సూదుల్లాంటి పలుకులుంటాయి, నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, జీజీ, అగ్లోనిమాల్లో కూడా అవి ఉంటాయి, కాబట్టి వాటిని వాడికి అందని ఎత్తులో పెట్టు, స్నేక్ ప్లాంట్ ఆకు తిన్నా కడుపులో తిప్పుతుంది. కింద నేల మీద అరెకా, స్పైడర్ ప్లాంట్ పెట్టుకోవచ్చు, అవి విషం కాదు.

ఇప్పుడు అందం సంగతి. ఐదు మొక్కలు చాలు అమ్మలూ. హాల్లో ఒక పెద్దది, మిగతావి చిన్నవి, అంతే. ఒక్కొక్కటి తలో మూల పెట్టకుండా, ఎత్తుగా ఒకటి, గుబురుగా ఒకటి, కిందకి వాలేది ఒకటి, మూడిట్నీ ఒకచోట చేరిస్తే చూడు ఎంత నిండుగా ఉంటుందో. అమ్మమ్మ ఇత్తడి గంగాళం అటక మీద పడుంది కదా, దాన్ని చింతపండుతో తోమి అరెకా పామ్‌ని ప్లాస్టిక్ కుండీతో సహా అందులో దించు, మట్టి నేరుగా పొయ్యకు, చిల్లు లేదు కాబట్టి నీళ్ళు పోసేటప్పుడు కుండీని బయటికి తీసి బాత్రూంలో పోసి, నీళ్ళు కారాక మళ్ళీ పెట్టు. పాత పీట మీద మంగళగిరి చీర ముక్క పరిచి దానిమీద స్నేక్ ప్లాంట్ పెడితే ఆ జరీ అంచుకీ ఆకు పసుపు అంచుకీ భలే జోడీ. కొండపల్లి బొమ్మలు పొణికి చెక్కవి, రంగు వేసినవి, వాటి పక్కనున్న మొక్కకి నీళ్ళు స్ప్రే చెయ్యకు. ఆకులకి కొబ్బరినూనె రాసి మెరిపించకు, దుమ్మంతా పట్టేస్తుంది, వారానికోసారి తడిగుడ్డతో కింద చెయ్యి పెట్టి మెల్లగా తుడువు.

మనీ ప్లాంట్ మాత్రం కొనొద్దు. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను, సింగ్‌నగర్ తీగ నుంచి కణుపు కింద కోసిన ముక్కలు తడిగుడ్డలో చుట్టి తెస్తాను. నల్లదో ఆకుపచ్చదో రంగు సీసాలు రెండు కడిగి ఉంచు, తెల్ల సీసా అయితే నాచు పడుతుంది. ఎక్కడ వెలుతురు ఎలా ఉందో ఓ కాయితం మీద రాసి దాచిపెట్టు, కూర్చుని ఎక్కడేది పెట్టాలో రాసుకుందాం.

మీ పెద్దమ్మ