అయిదు నక్షత్రాల కారు తనంతట తానే బ్రేకు వేస్తుందా?
రోజూ నార్కట్‌పల్లి నుంచి 65వ జాతీయ రహదారి మీద వెళ్లేవారికి ఈ అనుమానం సహజమే. వేస్తుందన్న హామీ లేదు. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ (మన దేశంలో కార్ల భద్రతను పరీక్షించి రేటింగ్ ఇచ్చే కార్యక్రమం) నక్షత్రాలు ముఖ్యంగా గుద్దుకున్నాక లోపలివారికి దొరికే రక్షణను చెబుతాయి.

ఆటోమేటిక్ బ్రేకుకు ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ 2014 నుంచి మార్కులు వేస్తోంది. ట్రాక్‌పై మెత్తటి డమ్మీ కారును నిలిపి, వెనక నుంచి రకరకాల వేగాలతో కారును దాని మీదికి నడుపుతారు. మరో పరీక్షలో ఆగి ఉన్న కార్ల చాటు నుంచి పిల్లవాడి బొమ్మ హఠాత్తుగా అడ్డం వస్తుంది. కారు పూర్తిగా ఆగకపోయినా, వేగం బాగా తగ్గితే కొన్ని మార్కులు దక్కుతాయి.

అక్కడి బొమ్మల్లో మన నల్లగొండ గేదె లేదు. వెనక దీపాల్లేని వరిగడ్డి ట్రాక్టరు అసలే లేదు! కొనేముందు మీరు ఎంచుకున్న వేరియంట్‌లోనే ఈ బ్రేకు ఉందా అని షోరూంలో అడగండి. చాలా మోడళ్లలో ఖరీదైన వాటికే ఇస్తారు.