అమ్మాయీ, ఆ ‘మరి’ ఎవరికి వినిపించింది?

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి మాస్టారి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పుకోలేక కాగితం మీద పెట్టావంటేనే ఎంత నలిగిపోయావో తెలిసింది. రెండు రాత్రులు నిద్ర లేదన్నావు. "నేను ఎవరి తరఫున రాశానో వాళ్ళే నన్ను వద్దనుకున్నారు మాస్టారూ" అన్నచోట చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట నేనూ ఒకప్పుడు అనుకున్నదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు నీ పోస్టు. నువ్వు పెట్టింది పెట్టినట్టే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. మన మాటను ఇంకొకరి చేతిరాతలో చూసుకుంటే కొత్త సంగతులు కనబడతాయి.

"కొటియా జనం ఎంత పెట్టి పుట్టారో! ఇటు రేషను, అటు పింఛను. రెండు ఓట్లు, ఇద్దరు ముఖ్యమంత్రులు. ఇద్దరమ్మల ముద్దుబిడ్డలు మరి! మనకీ ఓ సరిహద్దు తగాదా ఉంటే ఎంత బాగుణ్ణో."

నువ్వేం చెప్పదలచుకున్నావో నాకు తెలుసు. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో, కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొండల మీద ఉన్న ఆ 21 కొటియా ఊళ్ళ తగాదా 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ మూడు చోట్ల ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెళ్ళింది. ఇన్నేళ్ళూ ఇద్దరూ మాదంటే మాదన్నారు. ఎన్నికలప్పుడు గుర్తొచ్చే జనం వానాకాలం జ్వరాలప్పుడు ఎవరికీ గుర్తు రారని నీ కోపం. ఆ కోపం న్యాయమైనది. అందులో ఒక్క గింజ కూడా తగ్గించుకోవద్దు.

మరి చదివినవాళ్ళకి ఏం అందింది? ఆంధ్రా పక్క సాలూరు వైపు నుంచి ఒకాయన "నిజమే, రెండు చేతులా తింటున్నారు" అని మెచ్చుకున్నాడు. నీకు లైకులు కొట్టినవాళ్ళలో సగం మంది ఆయన బాపతే. కోరాపుట్ వైపు నుంచి ఒకరు ఫోన్లోనే ఒడియాలోకి మార్చుకుని చదివి, ఇది ఆంధ్రావాళ్ళ పొగరు అన్నారు. మీ కాలేజీలో చదువుతున్న కొటియా పిల్లలిద్దరు ఏమీ అనలేదు. నీతో మాట్లాడడం మానేశారు. నన్ను బాధపెట్టింది ఆ ఇద్దరి సంగతే.

ఇప్పుడు ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చూడు. పెట్టి పుట్టింది ఎవరు? కొటియా జనం. ముద్దుబిడ్డలు ఎవరు? కొటియా జనం. ప్రభుత్వం అన్న మాట ఒక్కసారైనా వచ్చిందా? ముఖ్యమంత్రులు వచ్చారు గాని, వాళ్ళు కూడా ఆ జనానికి దక్కిన భాగ్యంలా వచ్చారు. నీ కోపం ఎవరి మీదో వాళ్ళు నీ వాక్యంలో లేరు. ఉన్నవాళ్ళకే దెబ్బ తగిలింది. వెటకారం చేసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇదే. బాధ్యులను మనసులో పెట్టుకుని, బాధపడేవాళ్ళను వాక్యంలో పెడతాం.

ఇక గొంతు సంగతి. మా అమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతుండేది. నేను నెయ్యి గిన్నె ఒలకబోసి నిలబడితే తల ఎత్తేది కాదు. చేట ఆగేది. "మంచి పనే సేసినావురా నాయనా" అనేది. ‘మంచి’లో ఒక సాగదీత, ‘పనే’ దగ్గర ఒక విరుపు, చివర మళ్ళీ చేట చప్పుడు. వీపు మీద దెబ్బ పడ్డంత స్పష్టంగా తెలిసేది నాకు. అవే మాటలు కాగితం మీద రాస్తే మెచ్చుకోలు తప్ప ఏమీ లేదు. ఆగిన చేట చప్పుడు ఏ అక్షరంలోనూ పట్టదు.

మన పాత అలంకారికులు దీన్ని ఎప్పుడో గమనించారు. గొంతు మార్పుతో అర్థం మారిపోవడానికి ‘కాకువు’ అని పేరే పెట్టారు. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే ఉండి, జనం మాట్లాడే మాట రాతలోకి రావాలని పోరాడారు. వచ్చింది. ఆయన పుణ్యమే నువ్వూ నేనూ ఇలా రాసుకోగలగడం. కానీ మాటతో పాటు గొంతు రాలేదు. అది రాదు. ఆ లోటు రాసేవాళ్ళే పూడ్చుకోవాలి.

మన తెలుగులో ఎత్తిపొడుపంతా చిన్న చిన్న ముక్కల్లో ఉంటుంది. ‘లే’, ‘మరి’, ‘పాపం’, ‘అట’, ‘అబ్బో’. "బ్రిడ్జి ఇచ్చారు" అంటే ఇచ్చారనే. "ఇచ్చారులే" అంటే ఇక ఇచ్చినట్టే, ఆశ వదులుకో అని. నేను నీ పోస్టును మా పక్కింటి కుర్రాడి ఫోన్లో ఒడియాలోకి మార్పించి చూశాను. ‘మరి’ ఎగిరిపోయింది. మిగిలింది కొటియా జనం అదృష్టవంతులన్న ఒక నింద.

ఇంకొకటి కూడా కనబడింది. నీతో గొడవపడిన ఒడియా ఆయనకు చివర్లో "నీకో దండం బాబూ" అని పెట్టావు. మనకది విసుగు, ఇక చాలు అని. ఒడియాలో బాబు అంటే పెద్దమనిషి, గౌరవంగా పేరు పక్కన చేర్చి పిలిచే మాట. ఆయన ఆ దండాన్ని నిజం దండమనుకుని, అమ్మాయి తప్పు ఒప్పుకుందని కింద రాశాడు. నువ్వేమో అది తెలియక ఆయన ఇంకా రెచ్చగొడుతున్నాడనుకుని మళ్ళీ కొట్లాడావు. ఒక్క ‘బాబూ’ దగ్గర ఇద్దరు మంచివాళ్ళు రెండు గంటలు కొట్టుకున్నారు.

గుణుపురం నుంచి బరంపురం దాకా మనవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు చూడు. తెలుగు మాట్లాడతారు, తెలుగు లిపి రాదు. ఒడియా బడిలో చదివిన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. అందులో దీర్ఘాలు పోతాయి, సాగదీతలు పోతాయి. నీ పాఠకుల్లో కొందరు నీ పోస్టును ఎవరి చేతనో చదివించుకుని విన్నారు. చదివినవాళ్ళ గొంతు ఎలా ఉంటే అర్థం అలా వెళ్ళింది. గుంటూరులో కూర్చుని రాసే రచయితకు లేని చిక్కు ఇది. సరిహద్దులో రాసే ప్రతి వాక్యానికీ రెండు వైపులా చెవులుంటాయి.

అయితే ఇది మన ఒక్కరి జబ్బే అనుకుని కుంగిపోకు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, ఇంకొందరు అమెరికాలో చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది. కొన్ని మామూలు వాక్యాలు, కొన్ని వెటకారం వాక్యాలు కొందరికి ఈమెయిల్లో పంపించారు, కొందరికి గొంతుతో వినిపించారు. తమ ఉద్దేశం అవతలివాళ్ళు నూటికి 78 సార్లు పట్టుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. గొంతు విన్నవాళ్ళు 73 సార్లు పట్టుకున్నారు. ఈమెయిల్ చదివినవాళ్ళు 56 సార్లే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది కదా. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూనే ఉంటుంది, అందుకే అందరికీ వినబడుతోందని నమ్మేస్తాం.

రాజకీయాల్లో దీని మీద ఇంకో బరువు ఉంది. ఎంత విపరీతంగా రాసినా, దాన్ని నిజంగానే నమ్మి మాట్లాడేవాళ్ళు ఎక్కడో ఉంటారు. అదే 2005లో నేథన్ పో అనే ఆయన, దేవుడే లోకాన్ని సృష్టించాడనే సృష్టివాదం మీద జరుగుతున్న వాదనలు చూసి ఇదే సంగతి రాశాడు. నవ్వు గుర్తేదైనా పెట్టకపోతే, ఎంత ఎగతాళిగా రాసినా దాన్ని నిజమనుకునేవాళ్ళు ఉంటారన్నాడు. సాలూరు ఆయన్నే చూడు. నువ్వు వెక్కిరింపుగా అన్నది ఆయన రోజూ మనస్ఫూర్తిగా అనే మాట. ఇక ఆయనకు తేడా ఎలా తెలుస్తుంది? నవ్వు బొమ్మ పెడితే సరిపోతుందంటారు కొందరు. స్క్రీన్‌షాట్ కత్తిరించేవాడు ముందు కత్తిరించేది ఆ బొమ్మనే.

కత్తిరింపు అన్నాను గనక నా సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఇక్కడొక బడిలో తెలుగు చెప్పే ఒక్క మాస్టారూ రిటైరయ్యారు. ఆ చోటు నింపలేదు. నాకు కడుపు మండిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అందులో కలిసినప్పుడు, గిడుగు వారు ఆ బాధతో ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన తిరిగిన వీధుల్లో పిల్లలకు అ ఆలు చెప్పే దిక్కు లేకుండా పోయిందా అని, రాత్రి పదిన్నరకు కూర్చుని ఇలా పెట్టాను: "మంచిదే. ఇంకెవర్నీ వెయ్యకండి. ఈ ఊళ్ళో పిల్లలకు తెలుగెందుకు? అన్నం పెడుతుందా, ఉద్యోగం ఇస్తుందా?"

తెలిసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నెలన్నర తర్వాత తల్లిదండ్రులు పదిమంది అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి ఉద్యోగి ఒకాయన తన ఫోన్ తీసి, నా వాక్యాల్లో చివరి రెండూ చూపించాడట. మీ తెలుగు రచయితే అక్కర్లేదంటున్నారు కదా అన్నాడట. అది నా మాటే, నా పేరు కిందే ఉంది. అర్జీ తీసుకెళ్ళినవాళ్ళలో ఒక తల్లి సాయంత్రం మా ఇంటికొచ్చింది. తిట్టలేదు. "మీరలాగ రాసినారా మాస్టారూ?" అని అడిగింది. అది వెటకారమమ్మా అని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ కూతురి చదువు ముందు ఆ సంజాయిషీ నా నోట రాలేదు. ఆ చోటు చాలాకాలం ఖాళీగానే ఉంది. నా పోస్టు వల్లేనని చెప్పలేను. అర్జీ బలం మాత్రం నా వల్లే తగ్గింది, అది నాకు తెలుసు.

అందుకని వెటకారం మానెయ్యమంటానా? అననమ్మా. భద్రాచల రామదాసు రాముణ్ణి ఎన్ని మాటలన్నాడు! ఒక్కడైనా ఆయన్ను దైవదూషకుడని అన్నాడా? ఆయన చెరసాలలో ఉన్నాడనీ, ఆ దేవుడి గుడి కోసమే దెబ్బలు తింటున్నాడనీ వినేవాళ్ళందరికీ ముందే తెలుసు. ప్రేమ ముందు వెళ్ళింది, నింద వెనక వెళ్ళింది. నీ పాఠకుడికి నీ గురించి అంత తెలియదు. ఎవరో షేర్ చేస్తే నీ పేరు మొదటిసారి చూస్తున్నాడు. కనక నువ్వెటు నిలబడ్డావో ఆ పోస్టులోనే, మొదటి రెండు వాక్యాల్లోనే, తిన్నగా చెప్పు. ఆ తర్వాత ఎంత పదునుగా రాసినా పరవాలేదు.

కొటియా గురించి నువ్వు నాకు విడిగా రాసిన ముక్కలు చూడు. రెండు ఓటరు కార్డులున్న ముసలామె, నొప్పులొచ్చిన కోడల్ని డోలీలో మోసుకుంటూ కొండ దిగిందని రాశావు. రోడ్డు దగ్గరికొచ్చాక ఎటు ఆస్పత్రికి తీసుకెళ్ళాలో మోసేవాళ్ళు కాసేపు నిలబడి వాదించుకున్నారని రాశావు. అమ్మాయీ, ఇది చేతిలో పెట్టుకుని నువ్వు ‘ముద్దుబిడ్డలు మరి’ అని ఎందుకు రాశావు? ఆ డోలీ దింపిన చోటు రాసి ఉంటే, ఒడియాలోకి మార్చినా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టినా, ఎవరు ఎలా చదివి వినిపించినా చెక్కు చెదిరేది కాదు. సాలూరు ఆయన కూడా దాని కింద ‘రెండు చేతులా తింటున్నారు’ అని రాయగలిగేవాడు కాదనుకుంటాను. ఆ రెండు కార్డుల సంగతి చివర్లో ఒక్క ముక్క అను. అప్పుడది గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంటుంది.

నీ ఉత్తరంలో ఒక మాట నాకు నచ్చలేదు. "అర్థం చేసుకునే స్థాయి లేనివాళ్ళకి ఏం చెబుతాం" అన్నావు. అది కొట్టెయ్యి. ఆ కొటియా పిల్లలు ఇంట్లో తమ గిరిజన భాష కువి మాట్లాడతారు, బడిలో ఒడియా, సంతలో తెలుగు. మూడు భాషలు మోస్తున్నవాళ్ళకు నాలుగోది, నీ మనసులో ఉన్నది, తెలియలేదని తప్పు పట్టకూడదు.

పోస్టు తీసెయ్యాలా ఉంచాలా అని అడిగావు. తీసెయ్యకు. తీసేస్తే స్క్రీన్‌షాట్లే మిగులుతాయి, నీ జవాబు మిగలదు. దాని పైనే రాయి, నా ఉద్దేశం ఇది, నేను రాసిన తీరు తప్పు, కొటియా వాళ్ళు నన్ను క్షమించాలి అని. ‘ఎవరైనా నొచ్చుకుని ఉంటే’ లాంటి మాటలు వద్దు. నొచ్చుకున్నారు, నీకు తెలుసు. ఎవరైనా ఒడియా బాగా వచ్చినవాళ్ళ చేత అదే మాట ఒడియాలో కూడా రాయించి కింద పెట్టు. యంత్రానికి వదిలెయ్యకు.

దానికన్నా ముందు ఆ పిల్లలిద్దర్నీ కలువు. ఫోన్ వద్దు, మెసేజి అసలే వద్దు. ఎదురుగా కూర్చుని, నీ గొంతుతో చెప్పు. వాళ్ళేమంటే అది విను.

డోలీ సంగతి పూర్తిగా రాసుకుని ఆదివారం బండికి రా. పట్టుకుని చదవడానికి కాగితం మీదే తే. మా ఇంటావిడ కళ్ళు ఇప్పుడు సరిగా కనబడవు, నువ్వు చదివితే వింటుంది. ఏ వాక్యం దగ్గర ఆమె "ఏటీ?" అని అడుగుతుందో అక్కడ పెన్సిలుతో గీత పెడదాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు