చిన్నీ, ఆ ట్యూబులు మార్చే ముందు ఇది చదువు

చిన్నీ,

మీ అమ్మ పచ్చడి పార్సిల్ సంగతి మాట్లాడుతూ మధ్యలో చెప్పింది, నువ్వు కొలంబస్‌లో పాత ఫెండర్ ట్వీడ్ డీలక్స్ మోడల్‌లో చేసిన గిటార్ యాంప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నావని, దాంట్లో ట్యూబులు నువ్వే మారుస్తావని. మీ అమ్మకి అది బల్బు మార్చడంతో సమానం, నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. గర్వం లేదని కాదు, మన ఇంట్లో నా తర్వాత ఈ ట్యూబుల (మేం వాల్వులనేవాళ్ళం) జోలికి వెళ్ళింది నువ్వే, మా కాలనీలో ముగ్గురికి చెప్పా కూడా. కానీ భయం ముందు వచ్చింది.

అందుకని ముందు అదే. ట్యూబు మార్చడానికి చాసిస్ విప్పక్కర్లేదు, వెనక నుంచే అందుతాయి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, చల్లారాక గాజుని కాకుండా కింద బేస్ పట్టుకుని లాగు. విప్పాలనిపించిందా, ముందు నాకు ఫోన్ చెయ్. లోపల 350 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకినా అది కెపాసిటర్లలో కాసేపు అలాగే కూర్చుంటుంది, దానికి నువ్వు ఎవరి కూతురివో తెలీదు. స్పీకర్ వైరు ఊడదీసి ఎప్పుడూ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ప్లగ్‌కి మూడు పిన్నులు ఉన్నాయో లేదో చూడు. రెండే ఉంటే వాడకు, అంతే, దీని మీద నాతో వాదించొద్దు.

ఏ ట్యూబు ఎక్కడో కేబినెట్ లోపల అంటించిన కాగితం మీద ఉంటుంది. నీది 1955 నుంచి 60 దాకా ఫెండర్ వాళ్ళు చేసిన 5ఈ3 సర్క్యూటే అయితే గిటారు సిగ్నల్ పెంచే చిన్నవి 12ఏవై7 ఒకటి, 12ఏఎక్స్7 ఒకటి, స్పీకర్‌ని నడిపే 6వీ6 రెండు, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ 5వై3 ఒకటి. కాగితం మీద ఉన్నవే కొనుక్కుంటే నాతో పని లేదు. కానీ సౌండ్ పెరగాలని పెద్ద ట్యూబులు వేస్తానన్నావట, అంటే 6ఎల్6 అనే కదా. వద్దు. పిన్నులు కలుస్తాయి, సాకెట్‌లో కూర్చుంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. 6వీ6 హీటరు (లోపల వెలిగే తీగ) ఒక్కోటి 0.45 ఆంపు తాగితే 6ఎల్6 హీటరు 0.9 తాగుతుంది, రెండు వేస్తే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ లోడు డబుల్. పైగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది 6వీ6ల జతకి, వాటికి 8 వేల ఓమ్‌లు కావాలి, 6ఎల్6లకి అందులో సగం చాలు. ఇన్ని తిప్పలు పడి పన్నెండు వాట్ల యాంప్ ముప్ఫై వాట్లు అవుతుందా అంటే అవ్వదు, అంత కరెంటు ఇచ్చే సరుకు ఆ సప్లైలో లేదు. ఈఎల్34 పేరు అసలు ఎత్తకు, దాని హీటరు ఒక్కోటి 1.5 ఆంపు, దానికి పిన్ను వైరింగ్ కూడా సరిచూడాలి.

ఇప్పుడు రెక్టిఫయర్. మీ నాన్న ఇది నీకు చచ్చినా చెప్పడు కాబట్టి నేను చెప్తున్నా. ఎనభైల్లో లాలాగూడలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ చిన్న గిటార్ యాంప్ ఒకటి మీ నాన్నకి అమ్మాడు. రెండు 6వీ6లు, ఒక 5వై3, అచ్చం నీ దాని లాంటిదే. 110 వోల్టులది కాబట్టి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుట్టించి ఇచ్చా. మీ నాన్న అప్పుడు ఎంత బాగా వాయించేవాడో నీకు తెలీదు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం డాన్సులకి పిలిచి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. ఒక వారం ఆ 5వై3 పోయింది. కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగాడు, దొరకలేదు. నేను మద్రాసులో ఉన్నా, ఒక్క వారం ఆగరా, రిచీ స్ట్రీట్‌లో చూసి తెస్తా అని ఫోన్లో చెప్పా. ఆగితే వాడు మీ నాన్న ఎందుకవుతాడు. శనివారం ప్రోగ్రాం ఉంది, ఎవరో పాత సినిమా హాల్ యాంప్లిఫయర్‌లోంచి పీకిన 5యూ4 ఇచ్చారు, అదీ రెక్టిఫయరే, అదీ 5 వోల్టులే, కాళ్ళన్నీ సాకెట్‌లో చక్కగా దిగాయి. పైగా సౌండ్ ముందుకన్నా గట్టిగా వచ్చిందట, సంబరపడిపోయాడు.

గట్టిగా ఎందుకొచ్చిందంటే 5యూ4 తనలో పోగొట్టుకునే వోల్టేజ్ తక్కువ, ఆ మిగిలింది అంతా 6వీ6ల నెత్తిన పడింది. అసలు దెబ్బ ఇంకో చోట. 5వై3 హీటరుకి 2 ఆంపులు చాలు, 5యూ4కి 3 కావాలి, ట్రాన్స్‌ఫార్మర్‌లో దానికి కరెంటిచ్చే వైండింగ్ (తీగ చుట్ట) చుట్టిందే 2 ఆంపులకి. రెండు మూడు పాటలకే కాలదు చిన్నీ, అందుకే జనం మోసపోతారు. ఇంటర్వెల్ దాటాక వార్నిష్ కాలిన వాసన మొదలైంది, హాల్లో సిగరెట్ పొగ కదా, ఎవరూ పట్టించుకోలేదు. మంచి ఫ్యూజు ఉన్నా మొదట్లో కొట్టేది కాదు, 5 వోల్టుల మీద ఒక ఆంపు ఎక్కువంటే 5 వాట్లు, మెయిన్స్ వైపు ఫ్యూజుకి అది తెలియను కూడా తెలియదు. లోపల వైండింగ్ షార్ట్ అయ్యాకైనా కొట్టాలి కదా, అక్కడేమో అంతకుముందు ఎవరో ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి పెట్టారు. పొగ వచ్చిందాకా ఆగలేదు. నేను వచ్చేసరికి గదిలో ఆ యాంప్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, తిడదామని నోరు తెరిచి వాడి మొహం చూసి మూసుకున్నా. రాణీగంజ్‌లో రీవైండింగ్ చేయించాం, పనిచేసింది, కానీ హమ్ (గుయ్‌మనే మోత) పోలేదు. ఆ ఏడాదే వాడికి ఉద్యోగం వచ్చింది, గిటారు అటక ఎక్కింది.

అందుకని ఫ్యూజు యాంప్ మీద రాసి ఉన్న రేటింగే వెయ్యి. 5వై3 అంటే 5వై3. దాని బదులు జీజెడ్34 అనే రెక్టిఫయర్ వెయ్యమని చెప్పేవాళ్ళు ఉంటారు, దాని హీటరు 1.9 ఆంపులే కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కి పర్వాలేదు గానీ హెచ్‌టీ (ట్యూబుల ప్లేట్లకి వెళ్ళే హై వోల్టేజ్) బాగా పెరుగుతుంది. పాత 6వీ6జీటీకి పుస్తకంలో రాసిన ప్లేటు వోల్టేజ్ 315, ఈ యాంప్ అసలే దాన్ని దాటి నడుపుతుంది. ఇప్పుడు 5వై3 పేరుతో అమ్మేవాటిలో కూడా అసలు దానికన్నా ఎక్కువ వోల్టేజ్ ఇచ్చేవి ఉన్నాయి, అడిగి కొను. 6వీ6లు మ్యాచ్డ్ జత తీసుకో, స్లొవేకియాలో చేసేవి కొన్ని గట్టిగా ఉంటాయి. క్యాథోడ్ బయాస్ (ట్యూబు కరెంటు తనంతట తానే సర్దుకునే పద్ధతి) కాబట్టి అడ్జస్ట్ చేసేదేమీ లేదు. కొత్తవి వేశాక లైటు తీసేసి పదిహేను నిమిషాలు చూస్తూ కూర్చో. లోపల నారింజ రంగు మామూలే, గాజు మీద నీలం వెలుగు కూడా మామూలే. బయటి బూడిద రంగు ప్లేటు ఎర్రబడిందా, క్షణం ఆలోచించకుండా ఆపెయ్.

ప్రయోగాలు చెయ్యాలని చేతులు దురద పెడితే మొదటి సాకెట్‌లో, అంటే 12ఏవై7 ఉన్న చోట చెయ్యి. 12ఏవై7 తీసి 12ఏఎక్స్7 వేస్తే ట్యూబు గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో) 44 నుంచి 100కి పోతుంది, తొందరగా డిస్టార్ట్ అవుతుంది, ఏదీ కాలదు. 5751 కూడా వేసి చూడు, నాకు అదే ఇష్టం. రష్యన్ 6ఎన్2పీ మాత్రం అదే సైజు కదా అని కొనకు, హీటర్ పిన్నులు వేరు, వెలగను కూడా వెలగదు.

కొనే ముందు ఆ కాగితం, ఇప్పుడున్న ట్యూబుల మీది నెంబర్లు, ఫ్యూజు, ప్లగ్గు, నాలుగూ ఫోటోలు తీసి పంపు. ఆదివారం మీకు పొద్దున, మాకు రాత్రి, వీడియో కాల్ చెయ్. మీ నాన్న కూడా వచ్చి కూర్చుంటానన్నాడు, 5యూ4 సంగతి మాత్రం ఎత్తకు.

పెదనాన్న