‘గుమ్మడికాయలు ఇచ్చింది’ అంటే హ్యాండిచ్చినట్టేనా?

సందేహం: స్పానిష్ కథలు తెనిగిస్తున్నాను. ప్రేమ వ్యవహారాల్లో వచ్చే ‘దార్ కలబాసాస్’ (గుమ్మడికాయలు ఇవ్వడం) అన్న మాటకు ‘హ్యాండిచ్చింది’ అని రాస్తే, కుదరలేదన్నాడు ఓ మిత్రుడు. ‘తిరార్ లోస్ తేహోస్’, ‘పెలార్ లా పావా’, ‘లిగార్’ అనే మాటల్ని ఏమనాలి? ‘పులిహోర కలపడం’ అనొచ్చా?

సమాధానం: మీ మిత్రుడిదే ఒప్పు. గుమ్మడికాయలు ఇవ్వడమంటే మనసు విప్పి అడిగినవాణ్ణి ఆదిలోనే కాదు పొమ్మనడం. పరీక్ష తప్పినా స్పెయిన్‌లో ఇదే మాట. హ్యాండివ్వాలంటే ముందు ఆశపెట్టాలి. వస్తానన్న పిల్ల రాక, మల్లెపూల పొట్లంతో బస్టాండులో గంటన్నర నిలబడ్డ కుర్రాడికి పడింది హ్యాండు. స్పానిష్‌లో అది ‘దెహార్ ప్లంతాదో’, నాటేసి పోవడం. (చెయ్యివ్వడం ఇంగ్లీషువాడికి సాయం, మనకు మోసం. హ్యాండులో ఇంగ్లీషుంది గానీ అర్థం మన ‘చెయ్యిచ్చాడు’దే.) కలబాసాస్‌కు ‘మొహమ్మీదే కాదంది’ చాలు. ‘గుమ్మడికాయలు ఇచ్చింది’ అని రాస్తే సంక్రాంతి దానమనుకుంటారు.

‘తేహో’ అంటే ఆటల్లో విసిరే పెంకుముక్క, మన తొక్కుడుబిళ్ళలో బిళ్ళలాంటిది. ఎదుటివాళ్ళ మీద మనసైనట్టు సూచనలు వదలడమే బిళ్ళలు విసరడం. ఇక్కడ మీ అదృష్టం బాగుంది: ‘ఓ రాయేసి చూశాడు’ అంటే బొమ్మ కూడా చెడదు. ‘లైనేశాడు’ కూడా నడుస్తుంది గానీ ఆ విసురు పోతుంది.

‘పెలార్ లా పావా’ అంటే ఆడ టర్కీకోడి ఈకలు పీకడం. కోడిని శుభ్రం చెయ్యమని పురమాయిస్తే పనిపిల్ల కిటికీ దగ్గర ప్రియుడితో కబుర్లలో పడిందట. అమ్మగారు ఎన్నిసార్లు కేకేసినా ‘వస్తున్నా, ఈకలు పీకుతున్నా’ అందట. ఇది పిట్టకథే కావచ్చు గానీ, దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో కిటికీ ఊచలకు అటూ ఇటూ నిలబడి ప్రేమికులు మాట్లాడుకోవడం నిజంగానే ఉండేది. తెలుగులో ఈకలు పీకితే కోడిగుడ్డు గుర్తొస్తుంది, సరసం కాస్తా సణుగుడవుతుంది. ‘ఊచల దగ్గర ఊసులాడుకుంటున్నారు’ అనండి.

ఇక పులిహోర. స్పెయిన్ కుర్రకారు ‘లిగార్’కు అది బాగానే అతుకుతుంది, ఒక్క మెలిక తప్ప. మూలార్థం ముడివెయ్యడం కాబట్టి లిగార్‌లో ప్రయత్నమే కాదు, ఫలితమూ ఉంది. ‘నిన్న రాత్రి లిగే’ అన్నవాడు పులిహోర కలిపి ఊరుకోలేదు, పిల్ల పడిందంటున్నాడు. పైగా పులిహోర ఈ కాలపు మాట. మీ కథలో కుర్రాళ్ళు ఫోన్లలో మెసేజులు పెట్టుకుంటుంటే వాడండి. కిటికీ ఊచల కాలం మనిషి నోట మాత్రం పెట్టకండి.