ఫ్రెంచ్ వాళ్ళకి ఇంగ్లీష్‌లో టైమ్ వెర్బ్స్ ఎలా చెప్పాలి? నా అనుభవం

ఫ్రాన్స్‌లో ఉంటూ సాయంత్రాలు పెద్దవాళ్ళకి ఇంగ్లీష్ చెప్పే పని ఒప్పుకున్నానని, గ్రామర్ అంతా వచ్చినా టైమ్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ళు ఏవేవో వెర్బ్స్ వాడేస్తున్నారని, ఎక్కడ మొదలెట్టాలని మీరు అడిగారు. నేను లియోన్‌లో మూడేళ్ళు ఇదే పని చేశానండి. ఒక విషయం ముందే చెప్పేస్తా, వాళ్ళ తప్పుల్లో కొన్ని మీకసలు వినపడవు, ఎందుకంటే అవి మనం కూడా చేసేవే.

ముందు వినపడేవి చూద్దాం. నా మొదటి స్టూడెంట్ ఒక ఇంజనీరు, యాభై దాటిన పెద్దాయన. ఓసారి ట్రామ్ లేటయ్యి నేను ఆలస్యంగా వెళ్తే "ఐ అటెండెడ్ యూ ట్వెంటీ మినిట్స్" అన్నాడు. నాకు అర్థం కాలా. ఫ్రెంచ్‌లో అతాంద్ర్ అంటే ఎదురుచూడ్డం, అది కాస్తా నోట్లో అటెండ్ అయిపోయింది. ఇలాంటిదే రపోర్తే, అంటే వాయిదా వెయ్యడం. "మీటింగ్ ఈజ్ రిపోర్టెడ్ టు థర్స్‌డే" అని మెయిల్ రాస్తారు, అవతలివాడు ఎవరు ఎవరికి రిపోర్ట్ చేశారా అని బుర్ర గోక్కుంటాడు. అక్కడ పోస్ట్‌పోన్ అని చెప్పాలి. ప్రేవ్‌నీర్ అంటే ముందే చెప్పడం, కాబట్టి "నేను లేటైతే మీకు చెప్తా" అనడానికి "ఐ విల్ ప్రివెంట్ యూ" అంటారు, ఇది వింటే కొంచెం బెదిరించినట్టే ఉంటుంది.

ఇంకోటి, మీటింగ్ ముందుకి జరపడానికి వాళ్ళ మాట అవాన్సే. దానికి ఇంగ్లీష్‌లో ఏమనాలి అని అడిగితే నేను ధీమాగా ప్రీపోన్ అని బోర్డు మీద రాసేసా! వారం తర్వాత ఆయన అది లండన్ ఆఫీసుకి పంపిన మెయిల్‌లో వాడాడు, అటునుంచి "ఇదేం మాట" అని జవాబొచ్చింది. మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు కదా, అది మన దేశం ఇంగ్లీషని ఎప్పుడూ తట్టలేదు నాకు. బ్రింగ్ ఫార్వర్డ్ అని నేర్పండి. ఆ రోజు నుంచే నా ఇంగ్లీష్ మీద నాకు అనుమానం మొదలైంది, అదీ మంచికే అయ్యింది లెండి.

ఇప్పుడు అసలు కష్టమైనది. "ఇక్కడికి రావడానికి నాకు రెండు గంటలు పట్టింది" అని మనం అంటాం, గంటలే మనల్ని పడతాయి, ఇంగ్లీష్‌లో టేక్ కూడా అంతే కాబట్టి మనకి ఇబ్బంది లేదు. ఫ్రెంచ్ వాళ్ళు మెత్ర్ అని ఇంకో వెర్బ్ వాడతారు, దానికి మామూలు అర్థం పెట్టడం, మనిషే రెండు గంటలు "పెడతాడు" అన్నమాట. అందుకే "ఐ పుట్ టూ అవర్స్" అంటారు. దీనికి రూల్ చెప్పకండి, వాళ్ళ భాషలోనే "సా మా ప్రీ దూ జర్" అని ఇంకో రకంగా కూడా అంటారు, అక్కడ ప్రీ అంటే తీసుకోవడమే. "మీరే అలా అంటారు కదా, దాన్నే ఇంగ్లీష్‌లో చెప్పండి" అంటే వెంటనే ఎక్కేస్తుంది. నాకిది తెలియడానికి ఏడాది పట్టింది.

స్పెండ్ దగ్గర మాత్రం మనమూ వాళ్ళూ ఒకే పక్క. మనం డబ్బు ఖర్చుపెడతాం, టైమ్ గడుపుతాం, వాళ్ళకీ డబ్బుకి దేపాన్సే, టైమ్‌కి పాసే, రెండూ వేరు. ఇంగ్లీష్‌వాడొక్కడే రెంటికీ స్పెండ్ అంటాడు. పాసే వల్ల ఇంకో గొడవ, పరీక్ష రాయడానికీ అదే వెర్బ్. ఒకమ్మాయి "నిన్న ఎగ్జామ్ పాస్ అయ్యా" అంటే కంగ్రాట్స్ చెప్పా, రిజల్ట్స్ నెల తర్వాతట. సినిమా రెండు గంటలు నడిచింది అనడానికి లాస్ట్ అనే వెర్బ్ ఉందంటే చాలామంది నమ్మరు, వాళ్ళకి లాస్ట్ అంటే చివరిది అనే తెలుసు.

సరే, వినపడని తప్పులు. "ఐ లివ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అంటారు, మీకు అందులో ఏ తప్పూ కనపడకపోవచ్చు. మూడేళ్ళ నుంచి ఉంటున్నా, 2019 నుంచి ఉంటున్నా, మనకి రెండు చోట్లా "నుంచి"యే, వాళ్ళకీ రెండు చోట్లా దెప్వీయే, పైగా ఇద్దరం వర్తమానంలోనే చెప్తాం. లెక్క చెప్తే ఫర్, మొదలైన రోజో సంవత్సరమో చెప్తే సిన్స్, రెంటికీ ముందు హావ్ బీన్ లివింగ్ అని నేనే ముందు అద్దం ముందు చెప్పుకుని నేర్చుకున్నా. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" కూడా అంతే. ఫ్రెంచ్‌లో జరిగిపోయినదానికి మాట్లాడేటప్పుడు వాడే రూపం చూడ్డానికి అచ్చం హావ్ సీన్ లాగే ఉంటుంది, అందుకే నిన్నకీ అదే పెట్టేస్తారు. వాక్యంలో ఎప్పుడు అనేది చెప్పేస్తే హావ్ తీసెయ్యమని చెప్పండి, ప్రతిసారీ సరిపోదు గానీ మొదట్లో చాలు.

రెండు వారాల్ని మనం పదిహేను రోజులంటాం, వాళ్ళూ కేన్జ్ జూర్ అనే అంటారు. వాళ్ళు వారాన్ని కూడా ఎనిమిది రోజులంటారనుకోండి, అది వేరే సంగతి. "సీ యూ ఇన్ ఫిఫ్టీన్ డేస్" అని నేనూ స్టూడెంటూ హాయిగా చెప్పుకునేవాళ్ళం, పక్కన కూర్చున్న ఇంగ్లండ్ టీచర్ మాత్రం వేళ్ళు మడిచి ఏ రోజొస్తుందో లెక్కపెట్టుకునేది. టూ వీక్స్ అనండి, గొడవుండదు.

మొదటి క్లాసుకి పుస్తకం పట్టుకెళ్ళకండి. వాళ్ళ ఆఫీసులో మీటింగులు మారినప్పుడు రాసిన మెయిల్స్ ఓ నాలుగు తెచ్చుకోమనండి, పేర్లు తీసేసి. గంటన్నర వాటితోనే అయిపోద్ది. క్లాసుకి లేటుగా బయల్దేరి ఫోన్‌లో "జరీవ్" అన్నారంటే ఐ అరైవ్ కాదు, ఐయామ్ కమింగ్ అని దిద్దండి. వాళ్ళూ మనలాగే "వస్తున్నా" అన్నప్పుడు ఇంకా ఇంట్లోనే ఉంటారు, అది మాత్రం మీరు దిద్దలేరు.